ధర చీటీలతో నిండిన ఫోన్

కొత్త అప్‌డేట్ వేసిన రోజు నుంచీ నా ఫోన్‌ది నత్తనడక, మధ్యమధ్యలో ఆగిపోవడం. నారాయణగూడలో ఇద్దరు రిపేరువాళ్లు చూసి, మొత్తం చెరిపేస్తే తప్ప బాగుపడదన్నారు. నిరుడు పోయిన మా అమ్మ ఫోటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. కాళ్లీడ్చుకుంటూ అశోక్‌నగర్‌లో మూడో దుకాణం మెట్లెక్కాను.

అక్కడి రిపేరు అమ్మాయి ఫోన్ చూసి నవ్వింది. "జాగా లేదు అంకుల్, అందుకే ఆగుతుంది. ఏంది, అన్నీ మిక్సీల రేట్ల ఫోటోలేనా?"

చిక్కడపల్లి దుకాణదారుల మధ్య పెరిగినవాణ్ణి. హిమాయత్‌నగర్‌లో ధర చీటీని ఫోటో తీసి, సుల్తాన్ బజార్‌లో చూపించి బేరమాడటమే నా గొప్ప తెలివి.

"ఆ రేట్లు తీసేసుకోండి, మంచిగైతది. పైసలేం వద్దు."

బేరానికి కూడా చోటివ్వలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చెరపసాగాను. గంట తర్వాత ఓ కుక్కర్ ధర ఫోటో దగ్గర వేలు ఆగింది. చీటీని నావైపు తిప్పి పట్టుకున్నది అమ్మ చెయ్యి. బజారుకి ఎప్పుడూ తనే తోడొచ్చేది. తన మొహం కనిపించే ఫోటోలు నాలుగే ఉన్నాయి, ఈ చీటీలు పట్టుకున్న చేతులే ఎక్కువ.

"అయిపోయిందా అంకుల్?"

"లేదమ్మా. ఇవి ఉండనీ. నిదానంగానే నడవనీ."