నాలుగో సంపుటంలో దిద్దిన మాటలు

మా ప్రెస్సులో ఆయన్ని అందరూ ఆడమగ మాస్టారు అనేవారు. చాటుగానే లెండి. ఎదురుపడితే ఒట్టి మాస్టారే. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఉత్తరాదిలోని ఆ ఊళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లు హిందీ పుస్తకాల ప్రూఫులు దిద్దారు.

హిందీలో కుర్చీ ఆడది, తలుపు మగది, కిటికీ మళ్లీ ఆడది. తెలుగింట్లో పుట్టినవాళ్లకి ఈ గోల ఒక పట్టాన బుర్రకెక్కదు. చిన్నప్పుడు మాస్టారు హిందీ క్లాసులో ఏదో ఆడమాటకి మగతోక తగిలించి చదివితే పిల్లలందరూ పడీపడీ నవ్వారట. దాంతో పంతం పట్టి నేర్చుకున్నారు. చివరికి పుట్టుకతో హిందీ మాట్లాడేవాళ్లు కూడా అనుమానం వస్తే ఆయన బల్ల దగ్గరికొచ్చి అడిగేవాళ్లు.

నేనక్కడ కంప్యూటర్ మీద టైపు చేసేదాన్ని. ఆయన ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, ఆ మార్పులు లోపల ఎక్కించేదాన్ని. కాబట్టి జరిగినదాంట్లో నా చేతులూ ఉన్నాయి.

ఆ ఏడు మా యజమాని ఒక పేరున్న హిందీ కవి రాసినదంతా ఐదు సంపుటాలుగా వేయడానికి పూనుకున్నాడు. పుస్తకం ముఖం చూడని వాళ్లకి కూడా ఆ కవి పాటలు రెండు మూడైనా నోటికి వచ్చు. మాస్టారికైతే ఆయనంటే ప్రాణం.

"అమ్మాయ్, ఇందులో ఒక్క తప్పు దొర్లినా నేను మళ్లీ పెన్ను పట్టుకోను" అన్నారు మొదటిరోజే.

కవిగారికి అప్పటికే చూపు పోయింది, మంచం దిగలేని స్థితి. వ్యవహారమంతా ఆయన కూతురే చూసుకునేది. మూడు సంపుటాలు మచ్చ లేకుండా బయటికెళ్లాయి. నాలుగో దానికి ఆవిడ ఒక పాత నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. భార్య పోయాక కవిగారు రాసుకున్న పదకొండు కవితలు అందులో ఉన్నాయి, ఎక్కడా అచ్చు కానివి. అన్నీ ఒక ఇల్లాలు మాట్లాడుతున్నట్టు రాసినవే.

మొదటి పేజీలోనే మాస్టారి పెన్ను ఆగింది. "మేరా నీంద్ టూట్ గయా" అని ఉంది. నా నిద్ర చెదిరిపోయింది అని. హిందీలో నిద్ర ఆడమాట. "మేరీ నీంద్ టూట్ గయీ" అనాలి. మాస్టారు దిద్దారు. తర్వాతి పేజీలో అలాంటివి నాలుగు. ఆ తర్వాత ఇంకో ఆరు. మొత్తం నలభై మూడు.

ఎక్కిస్తూంటే నాకే అనుమానమొచ్చింది. "మాస్టారూ, అంత పెద్ద కవి ఇన్ని తప్పులు రాస్తాడంటారా?"

"కళ్లు కనపడని మనిషి. ఎవరికో చెప్పి రాయించుంటాడు. వాడికి భాష రాదు."

"ఒకసారి వాళ్లమ్మాయిని అడుగుదామా?"

"ఇంత చిన్నదానికి ఆసుపత్రికి ఫోన్ చేసి ఆవిణ్ణి విసిగిస్తామా? కానియ్, నువ్వు ఎక్కించు."

కవిగారు ఆ వారం నిజంగానే ఆసుపత్రిలో ఉన్నారు. ఆఖరి ప్రూఫులు ఆ ఆసుపత్రి వరండాకే పంపితే, ఆవిడ తిరగేసి చూసే ఓపిక లేక సంతకం పెట్టేసింది. పుస్తకం వచ్చేసింది.

రెండు వారాల తర్వాత ఆవిడ ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ప్రెస్సుకొచ్చింది. అరుస్తుందనుకున్నాం. అరవలేదు. మాస్టారి బల్ల ముందు కూర్చుని చెప్పింది.

"నాన్నకి చదివి వినిపించాను. రెండో కవితలోనే ఆపేయమన్నారు. ఇది మీ అమ్మ కాదు, వేరే ఎవరో అన్నారు."

వాళ్లమ్మ మాతృభాష వేరట. పెళ్లయి వచ్చాక హిందీ నేర్చుకుందట. ఆడామగా ఆవిడకి చివరిదాకా పట్టుబడలేదు. ఆ తప్పులన్నీ కవిగారు ఏరికోరి, ఆవిడ ఎలా పలికేదో అలాగే రాసుకున్నారు.

మాస్టారు నావంక చూశారు. "అడుగుదామన్నావు కదమ్మా" అన్నారు.

మర్నాడు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిన కవిగారికి క్షమాపణ చెప్పడానికి వెళుతూ నన్నూ తోడు రమ్మన్నారు. కవిగారి గదిలో మందుల వాసన, గోడవారగా పుస్తకాల దొంతరలు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి, తడబడుతూ తప్పు ఒప్పుకున్నారు. కవిగారు గొంతు వచ్చిన వైపు తల తిప్పారు.

"మీ ఇంట్లో ఏ భాష?"

"తెలుగండీ."

"అయితే మీకు తెలిసుండాల్సింది." మళ్లీ ఆయనే అన్నారు. "మిమ్మల్ని అనడానికి నాకేం హక్కుంది? ఆవిడున్నన్నాళ్లూ నేనూ దిద్దుతూనే ఉన్నాను. నలుగురిలో కూడా. ఆవిడ పోయాకే ఆ మాటలు చెవిలో మోగడం మొదలెట్టాయి. వాటినైనా ఉన్నవున్నట్టు ఉంచుదామనుకున్నాను."

తిరుగు బస్సెక్కాం. దిగే స్టాపు దగ్గరపడుతుంటే మాస్టారు ఉన్నట్టుండి తన భార్య గురించి చెప్పారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ పక్కింటామెతో వచ్చీరాని హిందీలో గలగలా మాట్లాడేదట. ఈయన ఇంట్లో ఉంటే, లోపల్నుంచే కేకేసి తప్పు సరిచేసేవారట. చుట్టాల ముందూ అంతే, కొట్లోనూ అంతే. రానురాను ఆవిడ ఈయన ముందు హిందీ మాట్లాడటం మానేసింది. కొట్లో ఏమన్నా కావాలంటే వేలితో చూపిస్తుంది.

"నేర్చుకుంటుందనుకున్నానమ్మా. నోరు నొక్కేస్తున్నానని అనుకోలేదు" అన్నారు.

అచ్చైన వెయ్యి కాపీల్లో ఆరొందలు అప్పటికే లైబ్రరీలకీ, కొట్లకీ వెళ్లిపోయాయి. మిగతా నాలుగొందలకి సవరణల కాగితం వేయించి, మాస్టారు గిడ్డంగిలో కింద కూర్చుని ఒక్కొక్కదానికీ తనే అతికించారు. నేను సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. కవిగారు ఆ శీతాకాలం దాటలేదు. అసలు మాటలతో రెండో ముద్రణ రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆయన చెవిన అది పడనే లేదు.

ఆ ప్రూఫులు కూడా మాస్టారే చూశారు. పుస్తకం చేతికి రాగానే ఒక కాపీ ఇంటికి తీసుకెళ్లి, వాళ్లావిణ్ణి కూర్చోబెట్టి ఆ పదకొండు కవితలూ చదివారట. ఆవిడ శ్రద్ధగా విందట.

"బాగున్నాయండీ. కానీ నీంద్ దగ్గర తప్పుంది. గయీ అనాలి కదూ?" అందట భయం భయంగా.

ఈ సంగతి చెబుతూ మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తప్పు కాదే అని ఎంత చెప్పినా నమ్మలేదమ్మా. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుంది."

ఆ ఏడాదే ఆయన రిటైరయ్యారు. ఒకసారి చూడ్డానికి వెళ్లాను. సాయంత్రం ఐదు కావస్తోంది. నేను కూర్చోకముందే ఆయన చెప్పులేసుకుని, "పద, అలా నడిచొద్దాం" అన్నారు. రోజూ ఆ వేళకి పక్కింటామె వస్తుందట. ఆయన గడప దాటితేనే వాళ్లావిడ ఆమెతో హిందీలో నాలుగు ముక్కలు మాట్లాడుతుందట.

వీధి చివరిదాకా నడిచాం. తిరిగొచ్చేసరికి కిటికీలోంచి ఇద్దరాడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. మాస్టారు గేటు బయటే ఆగిపోయారు.

"నువ్వెళ్లు లోపలికి. నేనింకో చుట్టు తిరిగొస్తా" అన్నారు.