నడక జల్లెడలో పట్టిన బంతి

2023లో, వాన కాస్త తెరిపిచ్చిన ఒక గురువారం మధ్యాహ్నం, సింగపూర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి గెయిట్ ల్యాబ్‌కు ఒక క్రికెటర్ వచ్చాడు. గెయిట్ ల్యాబ్ అంటే నడకను కొలిచే గది. గోడల మీద పది కెమెరాలు, నేలలో అమర్చిన బరువు పలకలు, మధ్యలో ఒక పొడవాటి నల్లటి బాట. పక్షవాతం నుంచి కోలుకుంటున్న అంకుల్స్, మోకాలు మార్పించుకున్న ఆంటీలు, మడమ నేలకు ఆనని పిల్లలు ఆ బాట మీద నడుస్తారు. వాళ్ళ కీళ్ళ దగ్గర మేము మార్కర్లు అంటిస్తాం. అవి వెలుగుకు మెరిసే చిన్న గోళీలు. కెమెరాలు వాటిని పట్టుకుంటాయి, కంప్యూటర్ వాటిని గీతలతో కలిపి మనిషిని పుల్లల బొమ్మ చేస్తుంది. ఆ బొమ్మ కీళ్ళ కోణాలు కొలిచి డాక్టరుకు రిపోర్టు ఇవ్వడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా కోణాలతోనే కాపురం. మా ఆయన దృక్కోణం ఒక్కటే ఇప్పటికీ కొలతకు అందలేదు.

ఆ వారం ఇక్కడ నాలుగు చిన్న దేశాల జట్ల మధ్య అంతర్జాతీయ పోటీ జరుగుతోంది. అందులో ఒక జట్టు స్పిన్నర్ బంతి వెయ్యడం లేదని, విసురుతున్నాడని ఎదుటి జట్టు గొడవ చేసింది. అంపైర్లు ఇంకా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యలేదు గానీ, మేనేజరును పిలిచి ఒక మాట అన్నారు. ఆదివారం ఫైనల్. అధికారిక పరీక్ష చేసే ల్యాబ్‌లు వేరే దేశాల్లో ఉన్నాయి. కనీసం మనసుకు తెలియడానికైనా ఒకసారి కొలిపించుకుందామని జట్టు మా తలుపు తట్టింది. నడకలు కొలిచే నన్ను బంతి కొలవమనడం, వీణ బాగుచేసేవాణ్ణి రేడియో బాగుచెయ్యమనడం లాంటిదే. అయినా ఒప్పుకున్నాను. వద్దనడం నాకు చేతకాదు.

నియమం ఏమిటంటే, బౌలర్ మోచేయి వంగి ఉండవచ్చు. కానీ చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలే దాకా ఆ మోచేయి వంపు విప్పుకుని పదిహేను డిగ్రీలకు మించి సాగకూడదు. సాగితే అది బౌలింగ్ కాదు, విసురు. దీన్నే ఎల్బో ఎక్స్‌టెన్షన్ అంటారు. పదిహేను డిగ్రీలు మామూలు కంటికి ఆనవు. అందుకే ఈ నేరంలో దొంగకే తాను దొంగో కాదో తెలియదు.

బౌలర్ పేరు ఓబులేసు అనుకుందాం. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం మార్చాను. అనంతపురం వైపు మనిషి. ఏసీలు బాగుచేసే పని మీద ఆ జట్టు దేశానికి వెళ్ళి, అక్కడే ఏళ్ళ తరబడి ఉండి, ఆ దేశం తరఫున ఆడే అర్హత సంపాదించాడు. వయసు ముప్పై నాలుగు. జట్టులోంచి ఒకసారి బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రాలేని వయసు. ఆయన్ని జట్టులో నిలిపింది ఒకే ఒక్క బంతి, దూస్రా. మామూలు ఆఫ్ స్పిన్ ఒక వైపు తిరిగితే, అదే చేతి కదలికతో వచ్చి రెండో వైపు తిరిగే బంతి అది. అనుమానం కూడా దాని మీదే.

మార్కర్లు అంటించే పని మా ఫిజియోథెరపిస్ట్ సరోజా ఆంటీది. మలేషియాలో పుట్టిన, మలయ్ తమిళ ముక్కలు కలిపి మాట్లాడే తెలుగావిడ, రిటైరయ్యే వయసు దాటినా రిటైరవ్వని మనిషి. ఓబులేసు చెయ్యి చూసి నోరు తెరిచింది.

"అలామక్! ఇంత బొచ్చా తంబీ! గోళీ ఎక్కడ నిలబడతాది? గొరిగెయ్యాల్సిందే లా."

తెలుగు వినగానే ఆయన ముఖం విచ్చుకుంది. "గీకేయండి ఆంటీ. నెత్తిన ఉండాల్సింది చేతికి దిగిండాది, అంతే."

మేనేజరుకు తెలుగు రాదు. ఒకప్పుడు ఆ దేశానికే ఆడిన మనిషి, మర్యాదస్తుడు. నన్ను పక్కకు పిలిచి ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు. "మేడమ్, ఎంత వేగంగా వెయ్యాలని రూలేమైనా ఉందా?"

"మ్యాచ్‌లో ఎలా వేస్తారో అలాగే వెయ్యాలి సార్."

"అఫ్‌కోర్స్, అఫ్‌కోర్స్," అన్నాడు. తర్వాత ఓబులేసు దగ్గరికి వెళ్ళి భుజం తట్టి, "ఈజీగా వెయ్యి, ఈజీగా" అన్నాడు. అధికారిక ల్యాబ్‌లలో కూడా కొందరు ఇలా నెమ్మదిగా, పెళ్ళిచూపుల్లో పిల్ల నడిచినంత జాగ్రత్తగా వేసి గట్టెక్కాలని చూస్తారట. అందుకే అక్కడ మ్యాచ్ వీడియోతో పోల్చి చూస్తారు. మా దగ్గర పోల్చేవాళ్ళు లేరు.

తలుపు తీసి కారిడార్ దాకా పరుగుకు చోటిచ్చాం, చివర వల కట్టాం. ఓబులేసు ఆరు బంతులు వేశాడు. తర్వాత ఆగి, చెయ్యి దులుపుకుని నా వైపు తిరిగాడు.

"అక్కా, ఈ ఆరూ కొట్టేయండి. ఇవి నేనేసినవి కావు. మా సార్ ఏసినవి."

సరోజా ఆంటీ ఫక్కున నవ్వింది. మేనేజరు ఏమిటని అడిగితే, "వార్మప్ అయిందంటున్నారు" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. రెండోది చెప్పే అవకాశం ఇంకో గంటలో రాబోతోంది.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి వల గోడకు తగిలి మోగింది. ఆరు ఆఫ్ స్పిన్లు, ఆరు దూస్రాలు. నేను లెక్క కట్టాను. తెర మీద అంకెలు వచ్చాయి. అన్నీ పదిహేను లోపే. దూస్రాల్లో ఎక్కువ వచ్చినది పన్నెండు.

మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఫోన్ తీసి కెప్టెన్‌కు సందేశం కొట్టడం మొదలుపెట్టాడు. ఓబులేసు మాత్రం తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, దూస్రాల్లో నాలుగోది ఎంత?"

"పన్నెండు."

"ఆరోది?"

"పదకొండు."

తల అడ్డంగా ఊపి మోచేయి పట్టుకున్నాడు. "కాదక్కా. ఆ రెండూ జారినాయి. ఈడ 'టక్' మన్నాది. నాకు తెల్సు కదా."

నాకు రోషం వచ్చింది. ఇరవై రెండేళ్ళ అనుభవం, పది కెమెరాలు ఒకవైపు, ఈయన 'టక్' ఒకవైపు. "బాబూ, ఈ కెమెరాలు అబద్ధం చెప్పవు" అన్నాను.

"కెమెరాలు చెప్పవు లేక్కా..." అని మిగతా మాట మింగేశాడు. మింగిన మాట నాకు వినపడింది.

సరోజా ఆంటీ ఆయన మోచేయి లోపలి వైపు బొటనవేలితో నొక్కింది. ఆయన పళ్ళు బిగించాడు. "సాగిన చోటే నొప్పి," అంది ఆంటీ, నా వైపు చూడకుండా. "నువ్వు ఇంకోసారి చూడు కణ్ణా."

చూశాను. నాలుగో బంతి గీత తెర మీద ఎంత నున్నగా ఉందంటే, పసిపిల్ల చెంపలా ఉంది. విసురుగా తిరిగిన చెయ్యి అంత నున్నటి గీత గియ్యదు. లెక్కకు వాడిన ఫిల్టర్ అమరిక తెరిచి చూశాను.

మార్కర్లు చర్మం మీద ఉంటాయి, చర్మం వణుకుతుంది. ఆ వణుకు లెక్కలోకి రాకుండా ఫిల్టర్ వాడతాం. అది ఒక జల్లెడ. నెమ్మదైన కదలికను నిలిపి, గబగబా వచ్చేదాన్ని చెత్త అని కిందికి వదిలేస్తుంది. నడక నెమ్మది కాబట్టి మా జల్లెడ నడకకు సరిపడేలా అమర్చి ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట నేనే అమర్చాను. మళ్ళీ దాన్ని ముట్టుకోవలసిన అవసరం రాలేదు. ఆ రోజు అదే జల్లెడలో ఒక బౌలర్ చేతిని పోశాను. రెప్పపాటులో సాగి వంగిన మోచేయిని అది చర్మపు వణుకనుకుని చక్కగా జల్లించి పారేసింది. మిగిలినది అంకుల్స్ నడక లాంటి సాధువైన గీత. క్రికెట్ ల్యాబ్ వాళ్ళు ఎవరూ చెయ్యని తప్పు ఇది. నడకలతో బతికే నాలాంటిదే చెయ్యగలదు.

మేనేజరు ఫోన్‌లో ఇంకా నవ్వుతున్నాడు. మా రిపోర్టులో ఏ ఫిల్టర్ వాడామో అచ్చవ్వదు. నేను గమ్మున ఉంటే ఎవరికీ తెలియదు. ఫైనల్ ఆడతాడు, జట్టు సంతోషిస్తుంది, నా పరువు నిలుస్తుంది. ఇన్ని లాభాలున్న అబద్ధం మళ్ళీ దొరకదు. నిజం చెప్పాలంటే ఒక నిమిషం పాటు మౌస్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ నిమిషంలో వెనక నిలబడిన మనిషి తన ఉద్యోగం కంటే పెద్దదాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధమై, నేను సరిగ్గా చూస్తానని ఎదురుచూస్తున్నాడు. సిగ్గేసింది.

"సార్, ఆగండి," అన్నాను. "తప్పు నాది. లెక్క మళ్ళీ కట్టాలి."

విషయం చెప్పాను. మేనేజరు ముఖంలోంచి నవ్వు ఒక్కొక్క పన్నే దిగిపోయింది. "మేడమ్, మొదటి ఫలితం కూడా ఈ మిషన్ ఇచ్చిందే కదా? అదే ఇవ్వండి. ఇది మా లోపలి కాగితమే."

నేను నోరు తెరిచేలోపే ఓబులేసు అందుకున్నాడు, తనకొచ్చిన ఇంగ్లీషులో. "నో సర్. లెట్ మేడమ్ చెక్."

వేగానికి తగ్గట్టు జల్లెడ మార్చి కట్టాను. ఆఫ్ స్పిన్లు ఆరూ హద్దులోనే ఉన్నాయి. దూస్రాల్లో నాలుగు పదిహేను దాటాయి. వాటిలో నాలుగోదీ ఆరోదీ ఉన్నాయి. ఆయన చెయ్యి నా కెమెరాల కంటే ముందే చెప్పిన రెండూ.

ఓబులేసు హద్దు దాటిన నాలుగింటినీ తెర మీద వేలితో లెక్కపెట్టాడు. తర్వాత, "అమ్మయ్య," అన్నాడు.

"అమ్మయ్య ఏంటయ్యా, అయ్యో అనాల!" అంది సరోజా ఆంటీ.

"లేదాంటీ. మొన్న మ్యాచ్‌లో వాళ్ళ ఓపెనర్‌ని దూస్రాతో ఔట్ చేస్తి. పోతా పోతా రాయి విసిరినట్ల చెయ్యి ఊపి చూపించె. నేను గమ్మునుంటినా? నానా మాటలంటి. మావాళ్ళూ అందుకునిరి. ఆఖర్లో రెండు జట్లూ చేతులు కలపకుండానే పోయినాం." గోళీలు ఒక్కొక్కటే పీకి ఆంటీ అరచేతిలో పెడుతున్నాడు. "రూముకు పోయి వీడియో చూస్తి. ఆ నాకొడుకు చెప్పిందే నిజమేమో అని పురుగు పట్టె. నిద్ర లేదక్కా. ఇప్పుడు తెల్సిపాయ. నిజం వాడిది. తిట్లు నావి."

మర్నాడు పొద్దున ప్రాక్టీసులో ఆ ఓపెనర్ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాడని తర్వాత తెలిసింది. అతను ముందు నమ్మలేదట, ఇది కొత్త రకం దూస్రా ఏమోనని.

ఆ గురువారం సాయంత్రమే మేనేజరు ఫోన్ చేశాడు. రిపోర్టులో ఆఫ్ స్పిన్ సంగతి మాత్రం రాసి ఊరుకోవచ్చా అని అడిగాడు. రెండూ రాస్తానన్నాను. అవతల ఒక నిట్టూర్పు, తర్వాత "పంపండి, అతనూ అదే అంటున్నాడు" అన్న మాట. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆయనకు ఒక జట్టుంది, ఆదివారం దాకా మూడే రోజులున్నాయి.

ఎన్నడూ మ్యాచ్‌కు వెళ్ళని నేను ఫైనల్‌కు వెళ్ళాను. మా ఆయన ఆనందాశ్చర్యాలతో, నేను మనసు మార్చుకోకముందే, రెండు సీట్ల మీద టిష్యూ పాకెట్లు పెట్టి 'చోప్' చేశారు, సీట్లు పట్టెయ్యడానికి ఇక్కడి మాట అది. మా వెనక వరసలో తువాస్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన తెలంగాణ కుర్రాళ్ళు, లిటిల్ ఇండియా బిర్యానీ పొట్లాలతో. మన భాష మాట్లాడే ఆటగాడని ఓబులేసుకే వాళ్ళ అరుపులన్నీ.

వేరే స్పిన్నర్ లేక ఆయన్ని ఆడించారు. చివరి ఓవర్ ఆయనకే పడింది. ఎదుటి జట్టుకు ఎనిమిది పరుగులు కావాలి. బ్యాటు పట్టుకున్నది అదే ఓపెనర్.

"అన్నా, దూస్రా ఎయ్యే!" అని వెనక నుంచి అరిచారు. మొదటి బంతి ఆఫ్ స్పిన్, ఒక పరుగు. రెండోదీ ఆఫ్ స్పిన్. "అరె, ఏమైందే నీ చేతికి? దూస్రా దాసుకుంటున్నవా పెండ్లికి?"

మా ఆయన నా వైపు వంగారు. "ఎందుకు వెయ్యడం లేదంటావ్? వేస్తే మ్యాచ్ వీళ్ళదే."

నాకు తెలుసు. పేషెంట్ సంగతి కాబట్టి చెప్పకూడదు. అంపైర్లు ఇంకా ఏమీ రాయలేదు, ఎవరూ ఆపరు. నాలాంటి నిమిషమే ఆయనకూ వచ్చింది, అదీ వందల మంది అరుస్తుండగా, బంతికొకటి చొప్పున అయిదుసార్లు. నాలుగో బంతి సిక్సర్ వెళ్ళింది. అయిదోదానికి ఆట అయిపోయింది. "తుస్సు గాడు!" అన్నాడు వెనక నుంచి ఒకడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఓడిన వైపు చప్పట్లు కొడుతున్న నన్ను చూసి, ఇంకా ఏ జట్టు ఏదో తెలియలేదనుకుని మా ఆయన మెల్లగా చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

ఓబులేసును తర్వాతి పర్యటనకు తీసుకోలేదు. ఇప్పుడు ఏసీలు బాగుచేస్తున్నాడు, వారాంతపు లీగుల్లో ఆఫ్ స్పిన్ వేస్తున్నాడు. ఆ ఓవర్ రికార్డులో ఎక్కడో ఉంటుంది, వికెట్టు లేదని, పరుగులు ఇచ్చాడని. వెయ్యని బంతికి స్కోరు పుస్తకంలో గడి ఉండదు.

నేను మాత్రం ఆ సోమవారం నుంచి పాత రిపోర్టులు తిరగేశాను. నడకలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పరుగెత్తించి కొలిచిన కేసులు కొన్నింటిలో అదే జల్లెడ పడింది. రెండింట్లో అంకెలు మారాయి. ఆ ఇద్దరికీ, వాళ్ళ డాక్టర్లకూ ఫోన్ చేసి, నా తప్పు నా నోటితో చెప్పాను. ఒకావిడ పది నిమిషాలు కేకలేసింది. వినడం అంత కష్టమేమీ అనిపించలేదు. ఇప్పుడు ప్రతి రిపోర్టు అడుగున ఏ ఫిల్టర్ వాడానో ఒక వరస రాస్తాను. దాని పైన ఇంకో వరస, కొలత మొదలుపెట్టే ముందే అడిగి రాసుకున్నది: పేషెంటుకు తన ఒళ్ళు ఏం చెబుతోందో. ఆ రెండు వరసలూ డాక్టర్లు ఎవరూ చదవరు. అంకె చూసే ముందు నేను చదువుకుంటాను.