రవికలో రాగులు

బాగేపల్లిలో బస్సెక్కి కన్నడ పేపరు తెరిచాను. పక్క సీట్లో నలభై ఏళ్ళావిడ వంగి చూసి, ఒక వార్త మీద వేలు పెట్టి, "తెలుగులో చెప్పమ్మా, నాకు కన్నడ చదివేది రాదు" అంది. రొమ్ములో పెట్టే సిలికాన్ సంచుల మీద డాక్టర్ల వాదన అది. లోపల పగిలితే ప్రమాదమని కొందరు, అంత భయమేమీ లేదని ఇంకొందరు. మగవాళ్ళు వింటారని గొంతు తగ్గించి చదివాను.

ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకోతూరి చదువు!"

కేన్సరు వచ్చి ఆవిడకు ఒక రొమ్ము తీసేశారట. ఆ చోట రాగులు పోసి కుట్టిన గుడ్డసంచి పెట్టుకుంటోందట. సిలికాన్ పెట్టించుకుంటుందో లేదో తేల్చి చెప్పడానికే ఇప్పుడు బెంగళూరు డాక్టరు దగ్గరికి వెళుతోంది.

"అది పగిలితే ఏమయితాది సార్ అని పోయినతూరి అడిగితే ఆయప్ప నవ్వినాడమ్మా. బయటికొచ్చినాక మా ఇంటాయన తిట్టినాడు, పిచ్చి ప్రశ్నలేస్తావా అని. ఇప్పుడు సూడు, అంత పెద్ద డాక్టర్లే దానిమీద కొట్లాడుకుంటాండారు!"

ఆ మాట బస్సంతా వినబడింది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసినా ఆవిడ లెక్కచేయలేదు. పేరేసంద్ర దాటేలోపు డాక్టరును అడగాల్సినవన్నీ నాకు పాఠంలా అప్పజెప్పింది. పగిలితే తెలిసేదెట్ల? మళ్ళా కోస్తారా?

"పెట్టించుకుంటావా అక్కా?" అన్నాను.

"ముందు ఆయప్ప జవాబు చెప్పనీ. అందాకా నా రాగులుండాయి" అని రవిక మీద తట్టుకుని నవ్వింది.

ఆ రోజు నుంచి ఏ డాక్టరు తర్వాతివాళ్ళ కోసం బెల్లు కొట్టినా, నా ప్రశ్న పూర్తయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవను.