అరవని ఇంజను

బెంగళూరు కంటోన్మెంటులో రైలు దిగేసరికి ఉదయం ఆరూ పది. సన్నటి తుంపర. నా దగ్గర నల్ల ట్రంకు పెట్టె ఒకటి, పరుపు చుట్ట ఒకటి, ఆరు వారాల డ్యూటీ ఆర్డరు ఒకటి. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్ళు. అందులో పదిహేడేళ్ళు పడవ మోటార్లతోనే గడిచింది. పడవ వెనక చెక్కకు బిగించి నడిపే ఆ మోటారును పటాలంలో ఓబీఎం అంటాం. బ్రహ్మపుత్రలో నడిపాను, గోదావరి వరదల్లో నడిపాను. ఇప్పుడు కొత్త ఫోర్ స్ట్రోక్ మోటార్లు మూడు వచ్చాయట. నడిపి చూసి, మన పడవలకు పనికొస్తాయో లేదో రాసివ్వాలి. ఆర్డరులో ఉన్నది అంతే.

మా హిందూపురంలో నన్ను అడుగుతుంటారు, సర్వీసులో మరిచిపోలేని చోటు ఏదని. మంచుకొండల పేరేదో చెబుతానని చూస్తారు. బెంగళూరు అంటే నవ్వుతారు. వంద కిలోమీటర్ల దూరం, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరు, అక్కడేం సైన్యం, అక్కడేం యుద్ధం అంటారు. నవ్వితే నవ్వనీ.

మర్నాడు తొమ్మిదిన్నరకు బొమ్మసంద్ర గోదాము నుంచి లారీ వచ్చింది. మూడు చెక్కపెట్టెలు. వాటితో పాటు కంపెనీ ఇంజనీరమ్మ దిగింది. కర్నూలు పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. మడివాళలో పీజీలో ఉంటుందట. చేతిలో ల్యాప్‌టాప్, జడలో స్క్రూడ్రైవర్. ఆ స్క్రూడ్రైవర్ చూడగానే ఈ పిల్లకు పని వచ్చని నమ్మాను.

పెట్టె మేకులు పీకి, పైన అట్ట తీశాం. నలభై హార్స్‌పవర్. మూడు సిలిండర్లు. తొంభై ఎనిమిది కిలోలు. కార్బురేటర్ లేదు. ఎంత పెట్రోలు కావాలో లోపలి చిన్న కంప్యూటరే కొలిచి చిమ్ముతుంది. పాత మోటార్లు టూ స్ట్రోక్‌వి, వెనకటి స్కూటర్ల లాంటివి. పెట్రోలులో ఆయిలు కలిపి పొయ్యాలి. నీలం పొగ, చెవులు చిల్లులు పడే మోత. ఆ కంపు పోవడం లేదని మా ఆవిడ నా యూనిఫారం విడిగా నానబెట్టేది. ఈ కొత్తదానికి ఆయిలు వేరు, పెట్రోలు వేరు. నేను మూత తీసి ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు. టీ చల్లారిపోయింది.

మా ముఠా చిన్నది. పైన సుబేదార్ సాబ్. ఆయన తాతల నాటి నుంచి బెంగళూరు తెలుగువాళ్ళు, ముప్పై ఏళ్ళ సర్వీసు. పడవ ముందు తాడు పట్టుకుని నీళ్ళు చూసేవాడు ఒక నాయక్, పలమనేరు వాడు. వెనక టిల్లర్, అంటే మోటారును మళ్ళించే పిడి, పట్టేది నేను. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నాకు ఆ మాట సరిగ్గా సరిపోయింది. సుబేదార్ సాబ్‌కు మాత్రం తిరగబడింది. ఆయనకు పాతదే వింత.

మొదటి రోజే నవ్వులపాలయ్యాం. నాయక్ అలవాటుకొద్దీ పెట్రోలు డబ్బాలో ఆయిలు కలపబోయాడు. ఇంజనీరమ్మ పరుగెత్తుకొచ్చి డబ్బా లాక్కుంది. తర్వాత ఊరి మధ్య చెరువులో పడవ దించి, మోటారు స్టార్ట్ చేసింది. సుబేదార్ సాబ్ ఒక నిమిషం చూసి, ఇంకా స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ స్టార్టర్ నొక్కారు. లోపల పళ్ళు కొరికినట్టు కర్రుమంది.

"సార్, ఇంజన్ ఆల్రెడీ రన్నింగ్‌లో ఉండాది," అంది ఆ పిల్ల. "ఆ వెనకాల సన్న నీళ్ళధార చూడండి. అది వస్తా ఉంటే ఇంజన్ నడుస్తా ఉన్నట్టే."

నిజమే. మోటారు వెనక నుంచి వేలెడంత ధార పడుతోంది. చెవి పెడితే కుట్టు మిషన్ పాటి చప్పుడు. పదిహేడేళ్ళు చెవితో నడిపిన మనిషిని, ఆ రోజు నుంచి కంటితో నడపడం నేర్చుకున్నాను.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. మర్నాడు ఉదయం ఏడుంబావు. చెరువులో ఇంకెవరూ లేరు. స్పీడు పెంచే థ్రాటిల్ పూర్తిగా తిప్పాను. పాత మోటారుతో పడవ మూతి పైకి లేచి, మళ్ళీ కిందికి వాలి నీళ్ళమీద జారడం మొదలయ్యేసరికి పదకొండు దాకా లెక్కపెట్టేవాణ్ణి. ఇది అయిదుకే వాలింది. వీపు వెనక్కి గుంజింది. కళ్ళలో నీళ్ళు. నాయక్ ముందు తాడు రెండు చేతులా పట్టుకుని పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. నలభై ఒక్కేళ్ళ వయసులో నేనూ కేక పెట్టాను. దీన్ని వదిలిపెట్టి పోలేననిపించింది.

మలుపు తిరుగుతూ, పడవలోనే ఉన్న ఇంజనీరమ్మను అడిగాను, ఎంత స్పీడులో ఉన్నామని. ఆమె నా వైపు విచిత్రంగా చూసింది.

"ఎందుకు సార్ అరుస్తా ఉండారు? నేను పక్కనే ఉన్నా కదా."

అప్పుడు గమనించాను. చెరువు గట్టుమీద వాకింగ్ చేసేవాళ్ళు ఆగి మా వైపే చూస్తున్నారు. మోటారు అరవడం లేదు, మేం అరుస్తున్నాం. నేను, నాయక్, మధ్యలో కూర్చున్న సుబేదార్ సాబ్, ముగ్గురం. పదిహేడేళ్ళుగా ఆ మోతకు పైన వినబడాలని గొంతు చించుకుని, అదే మా మామూలు గొంతు అయిపోయింది. ఎంత తగ్గించుకోవాలనుకున్నా మర్నాటికి మళ్ళీ మొదటికే వచ్చేది. ఇంజనీరమ్మ చెవిలో దూది పెట్టుకుని రావడం మొదలుపెట్టింది.

సుబేదార్ సాబ్ మాత్రం నాలుగో వారానికి కూడా మెత్తబడలేదు. రిపోర్టులో శబ్దం అన్న గడిలో 'లోపం' అని పెన్సిల్‌తో రాసేశారు. నేను అడ్డం మాట్లాడాను. ఆయన కోప్పడలేదు, కారణం చెప్పారు.

"సద్దు లేని మోటారు నాకొద్దప్పా. వరదలో మనం వస్తా ఉండామని జనానికి తెలిసేదెట్ల? ఆ మోత ఇనే గదా మిద్దెలెక్కి చెయ్యూపేది."

గోదావరి లంకల్లో నేనే చూశాను, మా మోత విని జనం ఇళ్ళ కప్పుల మీదికి రావడం. ఆ గడి అలాగే ఉంటే ఈ మోటార్లు మళ్ళీ పెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. నేను వీటి మీద మనసు పారేసుకున్నాను, కానీ మనసు అనే గడి రిపోర్టులో లేదు.

అయిదో వారంలో మూడు రోజులు విడవకుండా వాన. నాలుగో రోజు ఉదయం అయిదూ ఇరవైకి ఆర్డరొచ్చింది. కాడుగోడి అవతల ఒక లేఅవుట్‌లో చెరువు కట్ట తెగింది, పడవలు పంపండి. పని చేసే పాత మోటార్లు రెండే ఉన్నాయి. మూడో పడవకు కొత్తది బిగిస్తామన్నాను. సుబేదార్ సాబ్ నన్ను ఒక క్షణం చూసి, అయితే నీ పడవలో నేనెక్కుతా అన్నారు. నా మీద నమ్మకంతో కాదు, మోటారు మీద అపనమ్మకంతో.

ఆరూ యాభైకి నీళ్ళలో దిగాం. లైఫ్ జాకెట్లు, రెండు తాళ్ళు, గునపం, గొడ్డలి, రేడియో. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కార్ల కప్పులు మాత్రం కనబడుతున్నాయి. లేఅవుట్ సంఘం సెక్రటరీ గారు లామినేట్ చేసిన జాబితా ఇచ్చారు. ముప్పై ఒక్క ఇళ్ళు. మూడు పడవలూ తిరిగి ఒక్కో నంబరుకూ టిక్కు పెడుతూ పోయాం. ముసలివాళ్ళు, కుక్కపిల్లలు, ఒక చేపల తొట్టి కూడా. తొమ్మిదిన్నరకు జాబితా పూర్తయింది. రేడియోలో పైఅధికారి గొంతు వచ్చింది. ఎగువ చెరువు నిండి అలుగు పారుతోంది, పదింబావు కల్లా పడవలన్నీ బయటికి రావాలి. పాత పడవలు రెండూ ముందు వెళ్ళిపోయాయి. మాది చివరిది.

ఆఖరి సందులో మలుపు. నేను థ్రాటిల్ తగ్గించాను. ముందు కరెంటు తీగ వేలాడుతోంది, ఎడమవైపు పొమ్మని సుబేదార్ సాబ్, కుడివైపు చోటుందని నేను. ఎప్పటిలాగే ఇద్దరం గొంతు చించుకుంటున్నాం. ముందున్న నాయక్ కుడిచెయ్యి పైకెత్తాడు. మేం ఆగలేదు. వాడు వెనక్కి తిరిగాడు.

"సాబ్, మీరిద్దరూ రొంత నోరు మూసుకోండి."

సుబేదార్‌తో నాయక్ అనే మాట కాదది. ఆ విడ్డూరానికే మేం మూసుకున్నాం. అప్పుడు వినబడింది. ఠంగ్. కొంత ఎడం. ఠంగ్. ఇనుము మీద ఇనుము. సన్నగా, నీరసంగా. మోటారు నడుస్తూనే ఉంది, వెనక ధార పడుతూనే ఉంది, అయినా వినబడింది.

జాబితా తిరగేశాను. ఆ సందులో ఇల్లు నంబరు ఇరవై తొమ్మిది. టిక్కు ఉంది. ఇంటివాళ్ళు ముందురోజే హోటలుకు వెళ్ళిపోయారు. గేటు పక్కన మెట్ల కింద ఒక గది ఉంది. దానికి నంబరు లేదు. వెంటిలేటర్ పైఅంచు జానెడు మాత్రం నీళ్ళ పైన ఉంది. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి. చేతిలో గరిటె.

అది వాచ్‌మన్ గది. లోపల మొగుడూ పెళ్ళాం, కదిరి దగ్గరి వాళ్ళు. అతను మేస్త్రీలు గోడకు కట్టిన సారువ మీంచి పడి కాలికి కట్టుతో ఉన్నాడు. నీళ్ళు పెరిగే కొద్దీ ఆమె అతన్ని సజ్జ మీదికి ఎక్కించి, తాను గుండె లోతు నీళ్ళలో స్టూలు మీద నిలబడి ఊచలు కొడుతోంది. బయట కొట్టుకొచ్చిన స్కూటరు ఒకటి తలుపుకు అడ్డంగా ఇరుక్కుంది. తలుపు బయటికి తెరుచుకునేది. లోపలి నుంచి రాదు.

తొమ్మిదీ నలభై ఎనిమిది. నీళ్ళు ఊచల్లోకి ఎక్కుతున్నాయి. నేను నీళ్ళలో తిరిగే మోటారు పంకా ఆపాను. నాయక్ మునిగి స్కూటరు హ్యాండిల్‌కు తాడు కట్టి, పడవ ఎక్కాడు. తాడు రెండో కొస వెనక కొక్కేలకు వేశాం. ఇక మోటారు పని. జోరుగా లాగితే తాడు తెగుతుంది. పాత మోటారును అంత నెమ్మదిగా తిప్పితే ప్లగ్గులు మసిపట్టి చచ్చిపోయేది, వందసార్లు చూశాను. ఇది చావలేదు. థ్రాటిల్‌ను చిటికెన వేలంత తిప్పాను. తాడు బిగిసింది. ఇంకొంచెం. పడవ కదలలేదు, మోటారు ఆగలేదు. మూడోసారి నీళ్ళ కింద ఏదో గీరుకున్న చప్పుడు చేతికి తెలిసింది. స్కూటరు వచ్చేసింది. నేను మోటారు మూత మీద ముద్దు పెట్టుకున్నాను. సుబేదార్ సాబ్ చూశారు కూడా.

తలుపు తెరిచి ఇద్దర్నీ పడవలోకి లాగాం. ఆమె గొంతు పూర్తిగా పోయింది. సుబేదార్ సాబ్ వంగి, ఎంతసేపటి నుంచి కొడుతున్నావమ్మా అని అడిగారు. గాలి మాత్రమే వస్తున్న గొంతుతో చెప్పింది.

"తెల్లారినప్పటి నుంచి సామీ. రెండు తూర్లు మోటరు పడవలు ఈ సందులోనే పొయినాయి. వాటి సద్దు మాకు ఇనపడింది. మా సద్దు వాటికి ఇనపడలే."

సుబేదార్ సాబ్ తన రెయిన్ జాకెట్ విప్పి ఆమెకు కప్పారు.

సందు చివర రాజకాలువె అడ్డం వస్తుంది, అదే ఊరి పెద్ద మురుగుకాలువ. అలుగు నీరు అప్పటికే దిగింది. అయిదుగురు మనుషులు, ఎదురు ప్రవాహం. అక్కడ మాత్రం థ్రాటిల్ చివరిదాకా తిప్పాను. పడవ ఒక్క క్షణం ఉన్నచోటే నిలబడింది. తర్వాత మూతి వాల్చి, నీళ్ళను చీల్చుకుంటూ ముందుకు దూకింది. పదీ పన్నెండుకు రేడియోలో చెప్పాను. "మూడో పడవ బయటికి వచ్చింది. అదనంగా ఇద్దరు." అవతలి గొంతు జాబితాలో ఎవరూ మిగల్లేదు కదా అంది. జాబితాలో లేనివాళ్ళని చెప్పాను.

ఆ సాయంత్రం సుబేదార్ సాబ్ రిపోర్టు తెప్పించుకుని, ఆ గడిలో పెన్సిల్ రాత చెరిపేశారు. దాని చోట ఏమీ రాయలేదు. మర్నాడు పరేడ్‌లో ఆర్డరిచ్చారు. ఇక మీదట నీళ్ళలో ప్రతి సందు మొదట్లో మోటారు తగ్గించాలి, ముందున్నవాడు చెయ్యెత్తాలి, ఒక నిమిషం ఎవ్వరూ మాట్లాడకూడదు. ఆయనతో సహా. మోటార్లకు పాస్ ముద్ర పడింది. బొమ్మసంద్రకు వెళ్ళిపోయే ముందు ఇంజనీరమ్మ చెవిలో దూది తీసి నా చేతిలో పెట్టింది.

ఆరు వారాలు నిండాక హిందూపురం బస్సెక్కాను. సెలవు మీద ఇల్లు, తర్వాత మళ్ళీ యూనిట్, ఆ తర్వాత రెండేళ్ళకు పెన్షన్. పక్క గదిలో మనిషితో పక్క ఊళ్ళో ఉన్నట్టు మాట్లాడతావని మా ఆవిడ పాత ఫిర్యాదు. అది ఇప్పుడు కొంచెం తగ్గింది.

పడవలోంచి దిగేటప్పుడు కూడా కదిరి ఆమె ఆ గరిటె వదల్లేదు. కొట్టీ కొట్టీ దాని తల పక్కకు వంగిపోయి, అంచు రేకులా పలచబడింది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు, గుండెకు ఆనించుకుంది. నా కంటిలోంచి పోనిది అదొక్కటే.

మా ఆవిడకు కూర కలిపాక గరిటెను గిన్నె అంచున తట్టే అలవాటుంది. ఠంగ్ అనగానే నా మాట ఆగిపోతుంది, కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. మొదట్లో ఏమైందని అడిగేది. ఇప్పుడు అడగదు. నేను చెయ్యి దించేదాకా తనూ గరిటె పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా నిలబడుతుంది.