ఇంజను మూత మీద నా చోటు

నా చిన్నతనంలో మాకు ఇల్లు లేదు... వ్యాను ఉండేది.

మేం దూదేకులవాళ్ళం. నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. మదనపల్లెలో ఎవరో వదిలించుకున్న పాత వ్యాను కొని, వెనక రెండు చెక్క బల్లలు కొట్టించాడు. పడక వాటి మీదే, దూది మూటలూ వాటి మీదే. ఒక కిరసనాయిలు స్టవ్వు, నాలుగు గిన్నెలు, నాయన దూదేకే విల్లు... అంతే సంసారం. పుంగనూరు, కలికిరి, కుప్పం... పని ఎక్కడ దొరికితే అక్కడ ఆగేవాళ్ళం.

ఆ వ్యానుకు ఇంజను లోపలే ఉండేది, ముందర రెండు సీట్ల నడుమ. పైన రేకు మూత. నీళ్ల వేడి చూపించే ముల్లు ఒకటి ఉంది గానీ, నూనె వేడి తెలుసుకోవడానికి ఏమీ లేదు. నీళ్లు బాగానే ఉన్నా నూనె కాగిపోతుందనీ, పలచబడితే ఇంజను పట్టేసి ఆగిపోతుందనీ మెకానిక్కు నాయనకు పదేపదే చెప్పాడు.

అందుకు నాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆ మూత మీద గోనెసంచి రెండు మడతలు వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. కూర్చోలేనంత కాలితే నేను చెప్పాలి. వెంటనే బండి ఆపేవాడు. నూనె చూసే చువ్వ తీసి, చిటికెడు దూది మీద ఒక చుక్క వేసేవాడు. చుక్క అట్లే నిలబడితే పోవచ్చు. దూదిలోకి గబగబా పాకిపోతే ఆగాలి. అమ్మ స్టవ్వు దించి టీ పెట్టేది...

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నోట్లో మాట తక్కువ. ఇప్పుడూ అంతే.

ఒకసారి రామకుప్పం దగ్గర ఒక పల్లెలో పెళ్ళికి పరుపులన్నీ మేమే కుట్టాం. పుంగనూరులో కుట్టి, వ్యాను నిండా ఎక్కించాం. పెళ్ళి సామాన్లు కొనడానికి వచ్చిన ఆ ఇంటి పెద్దాయన కూడా మాతోనే బయలుదేరాడు. ముందు సీట్లో, నా పక్కనే. అమ్మ వెనక పరుపుల మధ్య.

పలమనేరు రాకముందే నాకు కాలినట్టు అనిపించింది. చెప్పాను. నాయన ఆపి చూశాడు. చుక్క దూది మీద పూసలా నిలబడింది. ఎండకు రేకు కాలిందంతే.

పెద్దాయన నవ్వాడు.

"ఏమప్పా మస్తానప్పా, నీ మీటరుకు మెత్తని పరుపు కావాలంట సూడు. ఇట్లయితే మనం పెండ్లికి కాదు, పురుడుకు పోతాం."

నాయన కూడా నవ్వాడు. నేను తల వంచుకున్నాను. దారి పొడవునా ఆయన నన్ను మీటరనే పిలిచాడు... ఏం మీటరూ, ఎంత సూపిస్తాండావు, అని.

వి.కోట దాటాక ఎత్తు మొదలైంది. బండి నిండా బరువు. రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. కింద కాలడం మొదలైంది. ఈసారి ఎండ కాదని నాకు తెలుస్తోంది. ఒక తొడ మీద నుంచి ఇంకో తొడ మీదకు మారాను. నీళ్ల ముల్లు మామూలుగానే ఉంది. నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

కాలుతోందన్న మాట నోటి దాకా వచ్చింది... పెద్దాయన మళ్ళీ నవ్వుతాడని మింగేశాను.

కమురు వాసన వచ్చింది. లోపల ఏదో టకటకా కొట్టుకుంది. ఎత్తు ఇంకా ఉండగానే బండి బిగుసుకుపోయి ఆగిపోయింది.

నాయన చువ్వ తీసి దూది మీద చుక్క వేశాడు. చుక్క నిలవలేదు. నల్లగా దూదంతా పాకింది. అప్పుడు నన్ను దించి, నిక్కరు పైకి లాగి చూశాడు. తొడ వెనక బొబ్బలు.

"కాలింటే సెప్పాల గదప్పా..." అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పరుపులు ఎద్దులబండ్ల మీద పోయాయి. పెళ్ళి జరిగిపోయింది. మా ఇంజను మాత్రం ఎవరి చేతా బాగుపడలేదు. పాత ఇనుము వాళ్ళు వచ్చి వ్యానును ముక్కలు కోస్తుంటే అమ్మ ఆ రెండు బల్లలూ అడిగి తీసుకుంది. కురబలకోటలో ఒక గదిలో చేరాం. నాయన విల్లు భుజాన వేసుకుని నడిచి ఊళ్ళు తిరిగాడు. మోకాళ్ళు పోయాయి. అంతలో ఫోము పరుపులు వచ్చాయి... విల్లు మూలన పడింది. కొన్నాళ్ళకు నాయన కూడా పోయాడు.

మొన్న మదనపల్లె బైపాసులో టీ తాగుతుంటే ఒక పాత వ్యాను వచ్చి ఆగింది. లోపల పడక, స్టవ్వు... అచ్చం మాదిలాగే. నేను తొంగి చూస్తుంటే, నడిపే అమ్మాయి పిలిచి చూపించింది. స్టీరింగు పక్కన ఒక చిన్న డబ్బా, దాని మీద అంకెలు వెలుగుతున్నాయి.

"ఇది ఇంజనాయిలు వేడి సూపిస్తాది తాతా. ఎక్కువైతే అదే అరస్తాది."

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాలనిపించింది. బాగుందమ్మా అని మాత్రం అన్నాను. వ్యాను వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ డబ్బాకు సిగ్గు లేదు. ఎవరు నవ్వినా అరుస్తుంది.

మీలో కూడా చెప్పాల్సిన వేళకు మాట మింగేసినవాళ్ళు ఉంటే ఇక్కడ రాయండి... చదువుతాను. జవాబు రాయడం నాకు చేతకాదు.

నాయనా, కాలతాండాది... ఈ మాట రాయడానికి అరవై ఏళ్ళు పట్టింది. బండి ఆపడానికి నువ్వు లేవు.