పొయ్యిలో ఉన్న ఆయన

హెస్టర్ మెట్‌కాఫ్ పొయ్యిలో పెట్టిన మాంసం మాట్లాడుతుంది. అందరి ఇళ్లలోనూ మాంసం ఉడుకుతుంది, వేగుతుంది, ఖర్మ కాలితే మాడుతుంది. థార్న్‌గిల్ ఊరి చివర, సమాధుల గోడకు ఆనుకొని ఉన్న ఆ ఇంట్లో మాత్రం క్రిస్మస్ నాడు నాలుగు పక్కటెముకల ఎద్దుమాంసం తుంట నోరు విప్పుతుంది. అది చెప్పింది హెస్టర్ వింటుంది. విన్నది భోజనాల బల్ల దగ్గర అందరికీ చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది.

ఈ సంగతి జానిస్‌కు ఆ ఇంటికి వెళ్లే దారిలో, కారులో తెలిసింది. ఆమెకు పెళ్లయి ఎనిమిది నెలలు. లీడ్స్ పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. కొండల మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, భర్త నెవిల్ కారును నడుపుతున్నాడా తడుముతున్నాడా అని అనుమానం వచ్చేటట్టు ఉంది.

“మా హెస్టర్ మేనత్త ఏమన్నా కాదనకు,” అన్నాడు నెవిల్.

“ఏమంటుందేమిటి?”

“నా చిన్నప్పుడు ‘వాల్టర్, నీ పొగగొట్టం దులిపించుకో’ అంది మాంసం. బాబాయి నవ్వాడు. పదిహేను రోజులు తిరక్కుండా పొగగొట్టం అంటుకుంది.”

“ఏదో అలా కలిసొచ్చింది.”

“ఓ ఏడు పోస్టాఫీసు డోరిస్ భోజనానికొచ్చింది. ‘ఈవిడ ఈ ఊళ్లో ఉండదు’ అంది మాంసం. ఈస్టర్ నాటికి డోరిస్ లేదు.”

“చచ్చిపోయిందా?”

“లేదు, సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికెళ్లిపోయింది. పోయినేడు నాతో ‘లీడ్స్ పిల్లని చేసుకో’ అంది.”

“అంటే నన్ను ఎంచుకుంది నువ్వు కాదు, ఎద్దన్నమాట!”

నెవిల్ మంచులోకి మరింత శ్రద్ధగా చూడసాగాడు.

హెస్టర్‌కు డెబ్బయ్యొకటి. వాసంలా పొడుగు. పెళ్లి చేసుకోలేదు. నలభై ఏళ్లుగా ఊళ్లో ఎవరు పోయినా వాళ్లను కడిగి, బట్టలు కట్టి, పడుకోబెట్టేది ఆమే. ఆ అలవాటు కొద్దీ, బతికున్నవాళ్లను కూడా కొలత తీసుకుంటున్నట్టు చూసేది. గుమ్మంలో జానిస్‌ను తల నుంచి పాదాల దాకా చూసింది.

“ఐదడుగుల మూడు.”

“మూడున్నర అత్తయ్యా,” అంది జానిస్.

“చెప్పులతో,” అంది హెస్టర్. “లోపలికి రా. ఆయన వెనకగదిలో పడుకొని ఉన్నాడు. వెళ్లి పలకరించు. ఇప్పుడే లేపాలి.”

పెళ్లికాని మనిషికి ‘ఆయన’ ఎవరని నెవిల్ వైపు చూసింది జానిస్. నెవిల్ టోపీ సర్దుకుంటున్నాడు. వెనకగది బావిలా చల్లగా ఉంది. రాతి అరుగు మీద తెల్లటి దుప్పటి. దుప్పటి కింద ఎత్తుగా, ఒంపుగా, కదలకుండా ఏదో ఉంది. జానిస్ రెండు వేళ్లతో అంచు పట్టుకొని ఎత్తింది. పక్కటెముకలు!

ఆమె అరుపుకు పిట్టగోడ మీది కాకులన్నీ లేచిపోయాయి.

“అరవకు, ఉలిక్కిపడతాడు,” అంటూ హెస్టర్ వచ్చి తుంటను పసిబిడ్డలా ఎత్తుకుంది. రెండు రోజులు ఉప్పు పట్టించి ఆరబెట్టడంతో పైపొర ముదురు రంగుకు తిరిగి, తోలులా బిగిసింది. దాన్ని వంటగదిలో బల్ల మీద పెట్టి, ఆవపొడి, మిరియాలు, పిండి కలిపి ఒళ్లంతా రుద్దింది. ఎముకల మధ్య దారం వేసి బిగించి కట్టింది. “చేతులు జారకుండా కట్టే ముడే ఇది,” అని చెప్పింది. ఎవరి చేతులని జానిస్ అడగలేదు.

పన్నెండింటికి ‘ఆయన’ పొయ్యిలోకి వెళ్లాడు. అది పోత ఇనుప గ్యాసు పొయ్యి, చిన్న గుడిసెంత ఉంటుంది. ముప్పావుగంట సేపు లోపల భగభగలు, కొవ్వు చిటపటలు, ఇల్లంతా పొగ. ఆ తర్వాత హెస్టర్ అందరినీ బయటకు తోలి, కాసేపటికి వంటగది పరదాలు దించి, దీపం ఆర్పి, తల బయట పెట్టింది.

“కాపలా. ఒక్కొక్కరు అరగంట. ముందు నెవిల్. తలుపు ముట్టుకున్నారో, ఆయన పోతాడు.”

ముందుగదిలో నెవిల్ తండ్రి క్లిఫర్డ్, చిన్నాన్న వాల్టర్ పిల్లుల్లా ఒదిగి కూర్చున్నారు. ఇద్దరూ హెస్టర్ తమ్ముళ్లు, ఇద్దరూ అరవై దాటినవాళ్లు, భార్యలు పోయినవాళ్లు. “నలభై ఏళ్లుగా కాస్తున్నాం,” అని గుసగుసగా అన్నాడు వాల్టర్. “ఒక్కసారీ మాడలేదు.”

అరగంటకు నెవిల్ పాలిపోయి బయటికొచ్చాడు. జానిస్ లోపలికి వెళ్లింది.

చీకటి. పొయ్యి పక్కన ముక్కాలిపీట. ఎదురుగా మూల ఎక్కడో హెస్టర్ ఉంది. ముఖం కనబడదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పొయ్యి వేడి మోకాళ్లకు తగులుతోంది. ఉన్నట్టుండి లోపల్నుంచి ‘టక్’ అని చప్పుడు. కాసేపాగి మళ్లీ, ‘టక్... టక్.’ వేలి గోరుతో ఎవరో లోపల్నుంచి తడుతున్నట్టు.

“అత్తయ్యా, ఏమిటది?”

“గొంతు సవరించుకుంటున్నాడు. నువ్వు మాట్లాడాలనుకుంటే మాట్లాడు. నాకు చెముడు.”

మాట్లాడాలని జానిస్ అనుకోలేదు. కానీ ఆ చీకట్లో ఆ టక్‌టక్ మధ్య నిశ్శబ్దం భరించడం కంటే ఏదో ఒకటి అనడమే తేలికనిపించింది. పొలం మధ్య ఇల్లు, పొద్దస్తమానం గాలి హోరు అంది. బస్సుల రొద వినాలని ఉందంది. గట్టిగా నవ్వి ఎనిమిది నెలలయిందంది. నెవిల్ మంచివాడే, కానీ గొర్రెలతో మాట్లాడినన్ని మాటలు తనతో మాట్లాడడంది. ఇంత మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

అరగంట కాగానే లేవబోయి తూలి, పొయ్యి మీట పట్టుకుంది. మీట ఆపేసి ఉంది. వంగి చూసింది. కింద నీలిమంట లేదు. అసలు మంటే లేదు. మంటలేని పొయ్యి వేడిగా ఉంది, లోపల ఎవరో తడుతున్నారు!

“అత్తయ్యా! పొయ్యి ఆరిపోయి...”

“వెనకగదిలో మాంసంలో నంజుకునే ఘాటుదుంప పచ్చడి ఉంది. వెళ్లి తీసుకురా,” అంది చీకట్లోంచి గొంతు.

జానిస్ ఒక్క ఉదుటున వెనకగదిలో పడింది. పచ్చడి సీసా దొరికి తిరిగేసరికి వంటగదిలోకి మామగారు క్లిఫర్డ్ వచ్చేశాడు. కాపలా మధ్యలో అడుగు పెట్టే ధైర్యం లేక తలుపు వెనకే నిలబడిపోయింది. సందులోంచి ముందుగది వెలుతురు సన్నగా కనబడుతోంది. ఆ వెలుతురులో క్లిఫర్డ్ చెయ్యి పీట కోసం గాలిలో వెతుకుతోంది.

పీట దొరికి కూర్చున్నాడు. తర్వాత క్లిఫర్డ్ అన్నాడు: “అక్కా. మనుషుల ముఖం ఉండాల్సినచోట మసక కనబడుతోందే. చుట్టూ బాగానే కనబడుతుంది. నడిమధ్యే లేదు. పోయిన వారం రొట్టె కోస్తూ వేలు కోసుకున్నా. ఇవాళ కత్తి ఎలా పట్టను? నాన్న పోయాక ఈ బల్ల దగ్గర కత్తి నాదే కదా. నెవిల్‌గాడికి తెలిస్తే ట్రాక్టరు తాళాలు తీసేసుకుంటాడు. ఇక నేనెందుకు?”

హెస్టర్ కుర్చీ కిర్రుమంది. “ఏమిట్రా గొణుగుతున్నావు? నాకు చెముడని తెలుసుగా.”

నాలుగింటికే బయట చీకటి పడింది. బల్ల మీద కొవ్వొత్తులు. పొయ్యిలోంచి తీసి, కాసేపు సేద తీర్చిన తుంట నాలుగు ఎముకలు పైకెత్తి బల్ల మధ్య కూర్చుంది. పక్కన, దాని కొవ్వులోనే పొంగిన పిండి పుడ్డింగులు. అందరి నీడలూ గోడ మీద పెద్దవిగా వణుకుతున్నాయి. క్లిఫర్డ్ లేచి కత్తి కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కత్తికి జానెడు పక్కన దిగింది.

“ఆగు,” అంది హెస్టర్. కొవ్వొత్తులు కూడా ఆగినట్టయింది. “ఆయన ఓ మాటన్నాడు. ఈ ఏడు మగచెయ్యి పడితే ఊరుకోడట. లీడ్స్ పిల్ల కొయ్యాలట.”

“ఆడమనిషా!” వాల్టర్ కుర్చీలోంచి లేచాడు. “మా తాత కాలం నుంచి...”

“నాతో అనకు. ఆయనకి చెప్పుకో.”

వాల్టర్ ఎముకల వైపు చూశాడు. కూర్చున్నాడు.

“క్లిఫర్డ్ పక్కన నిలబడి నేర్పాలట. చెయ్యి తెలిసినవాడిదే కావాలన్నాడు.”

క్లిఫర్డ్ కోడలి పక్కకు వచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. వేలితో ఎముక వెంబడి తడిమాడు. “ఇదిగో, ఇక్కడ పెట్టమ్మా కత్తి. ఎముకకి ఆనించి కిందికి దించు. తొందరపడకు. దారి అదే చూపిస్తుంది. ఊఁ, ఇప్పుడు అడ్డంగా తిప్పు.” ఎముకలు ఒక్క ముక్కగా విడివడ్డాయి. లోపలంతా అంచు నుంచి అంచు దాకా ఒకే గులాబిరంగు. మొదటి ముక్క పళ్లెంలో పడగానే క్లిఫర్డ్ ముఖం విప్పారింది. “చూశారట్రా నా శిష్యురాలిని!”

“ఇంకో మాట,” అంది హెస్టర్. “నెవిల్ వచ్చే నెల కళ్ల డాక్టరుకి చూపించుకోవాలట. తోడు వాళ్ల నాన్న వెళ్లి, తనూ చూపించుకోవాలట.”

“నా కళ్లకేమయింది!” అన్నాడు నెవిల్.

“ఎద్దు కంటే నీకు బాగా తెలుసా?”

తెలియదని ఒప్పుకున్నాడు నెవిల్.

“చివరిది. గురువారం గురువారం కారు జానిస్‌దట. లీడ్స్ వెళ్లి బస్సుల రొద విని రావాలట.”

నెవిల్ చేతిలో ఫోర్కు జారింది. “లీడ్స్‌లో బస్సులుంటాయని దానికెలా తెలిసింది?” అన్నాడు. జానిస్ తలెత్తి హెస్టర్ వైపు చూసింది. హెస్టర్ పులుసు వడ్డిస్తోంది.

మగవాళ్లు ముందుగదిలో కునికిపాట్లు పడుతుండగా, వంటగదిలో గిన్నెలు కడుగుతూ జానిస్ అడిగేసింది. “పొయ్యి ఆర్పేసి ఉంది. దేనికి కాపలా?”

“ముప్పావుగంట మండించి ఆర్పేస్తే, తలుపు తియ్యకపోతే, మిగతా పని ఆ వేడే చేసుకుంటుంది. మా అమ్మ నేర్పింది. నలభై ఏళ్లలో మీట వైపు చూసింది నువ్వొక్కదానివే.”

“మరి ఆ టక్‌టక్?”

“ఇనుము చల్లారుతుంటే అలాగే అంటుంది. చచ్చిన ఎద్దు ఏం మాట్లాడుతుందే పిచ్చిదానా! పొగగొట్టం సరిగా లాగడం లేదని ఆ పీట మీద అన్నది వాల్టరే. చెల్లెలి మీద బెంగతో డోరిస్ ఏడ్చింది. మీ ఆయనైతే పోయినేడు అరగంటా నీ పేరే జపించాడు.” హెస్టర్ తడిచేతులు తుడుచుకుంది. “చచ్చినవాళ్ల పక్కన చాలా కూర్చున్నాన్లే. జనం చెప్పాల్సిందంతా వచ్చి అప్పుడు చెబుతారు, వినేవాళ్లు పోయాక. కాస్త ముందు చెప్పొచ్చు కదా అనిపించేది. ముందే చెప్పించాలంటే చీకటి కావాలి, పని ఉన్నట్టుండాలి.”

జానిస్ చేతిలోని పళ్లెం కింద పెట్టింది. దీపం ఆర్పింది. హెస్టర్ భుజాలు పట్టుకొని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, తను వెళ్లి మూల కుర్చీలో కూర్చుంది.

“ఏమిటే ఈ వేషాలు?”

“నాకూ చెముడే అత్తయ్యా.”

పుడ్డింగులు దింపాక చల్లారుతున్న పొయ్యి ఓసారి టక్కుమంది. ఆ చీకట్లో ఊళ్లోవాళ్లందరినీ కొలిచిన మనిషి చిన్నపిల్లలా గొంతు తగ్గించింది.

“ఎవరితోనూ అనకు. నాకు గొడ్డుమాంసం పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఏడాదికోసారి నవ్వుతూ మింగుతున్నా. నాకిష్టమైంది వేయించిన చేప. ఈ ఊళ్లో దొరకదు.”

జనవరి మొదటి గురువారం లీడ్స్ బస్‌స్టాండు ఎదురుగా ఉన్న చేపల దుకాణంలో, నల్లకోటు వేసుకున్న పొడుగాటి ముసలావిడ కాగితం పొట్లంలోని చేపముక్క ముల్లు తప్ప మిగల్చకుండా తినేసింది. పక్కన కూర్చున్న అమ్మాయి ఎందుకో పడీపడీ నవ్వుతోంది.

“నవ్వింది చాల్లే,” అంది ముసలావిడ వేళ్లు నాక్కుంటూ. “ఇంకోటి చెప్పు. ఈసారి పెద్దది ఇమ్మను.”