ఆదివారం ఉగ్గాని

ఆదివారం తెల్లవారితే చాలు, లక్ష్మీదేవి వంటింట్లో పచ్చిమిరపకాయలు చీలుస్తూ ఉండేది. గంగాళంలో నీళ్ళు పోసి బొరుగులు, అదే మరమరాలు, ముంచి, పిడికిళ్ళతో పిండి తిరగమోతలో వేసేది. ఖాజాగూడలోని ఆ ఇంటి నుంచి ఉగ్గాని ఘాటు మెట్ల దాకా దిగేది. ఇప్పుడు ఆదివారం కూడా సోమవారం లాగే ఉంది. ఒక్క ప్రాణానికి ఒక గ్లాసు కాఫీ. అదీ సగం చల్లారిపోతుంది.

ఆ ఉగ్గాని అంతా ఆమె భర్త చెన్నకేశవులు పంతం కోసమే. గచ్చిబౌలిలో వేరుశనగ విత్తనాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఆయన కంప్యూటర్లు చూసుకునేవాడు. కడప మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఒకసారి ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు దాటిపోయి, సంస్థలోని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కలు తెరుచుకోలేదట.

"మన గింజల లెక్క మనం చూసుకునేదానికి ఎవరినో బతిమాలాల్నంట లక్ష్మీ!" అని అన్నం ముందు పెట్టుకొని ముద్ద ముట్టలేదు.

అప్పటి నుంచి లినక్సు అనే ఉచిత సిస్టమ్‌ను శాస్త్రవేత్తలందరి చేతా వాడించాలని పట్టుబట్టాడు. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూసుకోవచ్చు. ఆఫీసులో చెబితే వినే తీరిక ఎవరికీ లేదు. అందుకని ఆదివారాలు ఇంటికి పిలిచి, ఉగ్గాని పెట్టి, బజ్జీలు కొసరి కొసరి వేసి, అప్పుడు అడిగేవాడు.

"మూత తియ్యనియ్యని కుండలో వండిన కూర తింటారా సార్? మరి మీ లెక్కలు అట్లాంటి కుండలో ఎందుకు వండుతారు?"

వాళ్ళు నవ్వి లాప్‌టాప్ ఇచ్చేవాళ్ళు. ఆయన కొత్త సిస్టమ్ ఎక్కించి, తెర మీద తాను తీసిన ఖాజాగూడ రాళ్ళ ఫొటో పెట్టి అప్పగించేవాడు. "వాడి చూద్దాం సార్" అంటూ చెప్పులేసుకునేవాళ్ళు. ఆ మాట పట్టుకొని ఆయన వారమంతా పొంగిపోయేవాడు.

చనిపోయే ముందు శనివారం గుండెలో మంటగా ఉందన్నాడు. ఆస్పత్రికి పోదామంది ఆమె. "రేపు ముగ్గురొస్తాండారు. ఎంత బతిమాలితే ఒప్పుకున్నారో నీకేం తెలుసు! సోమవారం పోదాంలే" అన్నాడు. సోమవారం తెల్లవారకముందే పోయాడు.

ఆ ముగ్గురిలో ఒకడైన మధుసూదన్ మొన్న గురువారం వచ్చాడు. కర్నూలువాడు, ఆమెను వదినా అంటాడు. భుజాన బొరుగుల మూట.

"ఆదివారం అన్న పేరు మీద ఆఫీసులో సభ పెడతాండాం వదినా. నీ ఉగ్గాని లేకపోతే అన్నను తలుచుకున్నట్టే కాదన్నారు అందరూ. బొరుగులు కూడా నేనే మోసుకొచ్చినా, నువ్వు కాదనగూడదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆయన పడిన పాటు వృథా పోలేదనుకుంది. ఆహ్వానం చూపిస్తానని అతను లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద సముద్రం, ఇసుక.

"రాళ్ళేవి?" అంది.

"ఏం రాళ్ళు వదినా?"

"మీ అన్న పెట్టిన రాళ్ళు. బజ్జీలు తింటా నువ్వు ఈడనే కూర్చోనుంటివి. నా కండ్ల ముందరే ఎక్కిచ్చినాడు."

మధుసూదన్ నవ్వబోయి ఆగాడు. "అదా... ఆ వారమే తీసేసినా. పాతదానికి చెయ్యి అలవాటు."

"ఆ వారమే అంటే? ఆయన దినాలు కాకముందే?"

అతను తల వంచుకున్నాడు. "నేనొక్కన్నే కాదు వదినా. దాదాపు అందరమూ అంతే. అన్న అంత ప్రేమగా పెడతాంటే మొగమాటం. వద్దని ఆయన మనసు నొప్పించేదెందుకని..."

లక్ష్మీదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనసు నొచ్చుకుంటాదనా! ముందే వద్దని మొగాన చెప్పుంటే ఆయన ఆ పొద్దు ఆస్పత్రిలో ఉండేవాడు కదప్పా! కాదంటే కోప్పడే మనిషా? ఏం కష్టమైందని అడిగి, ఇంకో దోవ చూపించేవాడు. తింటిరి, తలకాయ ఊపితిరి, ఇంటికి పోయి తుడిచేస్తిరి. ఇప్పుడు దండ ఏస్తారా?"

"అట్ల కాదు వదినా..."

"ఎట్లో నేను చెప్తా. ఆదివారం ఎవరి కంప్యూటర్ వాళ్ళు తెచ్చుకొని, ఆయన ఫొటో ముందర మళ్ళా ఎక్కిచ్చుకోండి. కొన్నాళ్ళు వాడండి. బాగలేకపోతే బాగలేదని ఆ ఫొటోకే చెప్పండి. ఎంతమందికైనా వండుతా."

మధుసూదన్ లాప్‌టాప్ మూశాడు. "చూద్దాంలే వదినా" అన్నాడు. మూట వంటింటి గోడకు ఆనించి వెళ్ళిపోయాడు.

శనివారం ఫోన్ చేశాడు, పొద్దున్నే కారు పంపుతామని.

"ఎక్కిచ్చుకుంటారా?" అని అడిగింది.

"అది తర్వాత మాట్లాడదాం. ముందు సభ కానియ్యి వదినా."

ఆదివారం అలవాటు కొద్దీ చీకటితోనే మెలకువ వచ్చింది. గంగాళం దించి కొళాయి కింద పెట్టింది. నీళ్ళు సగం నిండాయి. కాసేపు వాటి వైపు చూసి, ఎత్తి కుమ్మరించేసింది.

తెల్లారాక డ్రైవర్ తలుపు కొట్టాడు. "అమ్మా, మధుసూదన్ సార్ పంపిండు. డబ్బాలేడున్నయ్?"

"డబ్బాలేం లేవు నాయనా. చెయ్యనని చెప్పినానని చెప్పు. చూద్దాం అనలేదు, చెయ్యను అంటినని చెప్పు."

తలుపు వేసింది. బొరుగుల మూటకు కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఆమె ఒక్క గింజ తడపలేదు.